నరం దొరకాలి: ఆసుపత్రి హాస్యంలో కుళ్లు, కంజూసుతనం, తెగిన మాటలు

హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలాచోట్ల నర్సుల డ్యూటీ మూడు ముక్కలు. ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి మర్నాడు 8. అంటే రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ పావుగంటో ఇరవై నిమిషాలో, వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఒకే టేబుల్ దగ్గర నిలబడి తీరాలి. గిట్టని మనిషి మొహం చూడకుండా తప్పించుకోవడానికి ఇంట్లో గదులుంటాయి, ఆఫీసులో మెయిల్ ఉంటుంది. వార్డులో ఆ వెసులుబాటు లేదు. పన్నెండో బెడ్‌కి రాత్రి ఏ మందు ఇచ్చారో, మూత్రం ఎంత వచ్చిందో, సెలైన్ ఎంత మిగిలిందో నోటితో చెప్పాలి. అవతలి మనిషి విని సంతకం పెట్టాలి. ఆసుపత్రి నేపథ్యంలో హాస్యం రాసేవాళ్లకు దొరికే అసలు సొత్తు ఇదే. తెల్లకోట్లు, స్ట్రెచర్లు, అంబులెన్సు కూతలు పైమెరుగులు మాత్రమే. మాటల్లేని మనుషులు మాట్లాడక తప్పని చోటు అది.

ఇలాంటి కథల్లో మూడు విషయాలు తిరిగి తిరిగి వస్తాయి: తోటి ఉద్యోగి మీద కుళ్లు, ఇంట్లోవాళ్లతో తెగిన మాటలు, పైసా బయటికి తీయని చెయ్యి. వీటిని మూడు వేర్వేరు నవ్వుల మూటలుగా చూడటంతోనే స్క్రిప్టు దెబ్బతింటుంది. అరిషడ్వర్గంలో లోభానికి చోటుంది, మాత్సర్యానికి చోటుంది. తండ్రీకొడుకులు మాట్లాడుకోకపోవడానికి లేదు. అది గుణం కాదు, బాకీ. ముందు ఎవరు పలకరించాలన్న లెక్క తేలక ఏళ్లు గడిచిపోతాయి. కుళ్లుకునే మనిషి పక్కవాళ్లకు దక్కింది లెక్కపెడుతుంది. కంజూసు తన చేతిలోంచి జారేది లెక్కపెడతాడు. ఇల్లు వదిలి వచ్చినవాడు తనకు రావలసిన మాట లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. మొదటి రెండు లెక్కలూ పైకి కనిపిస్తాయి, నవ్విస్తాయి. మూడోది కనిపించదు. కనిపించే ఆ రెంటి భుజాల మీద మూడోదాన్ని మోయించగలిగితేనే కథ నిలబడుతుంది.

కుళ్లు ఎలా మాట్లాడుతుంది

ఈర్ష్య వేరు, అసూయ వేరు. అమరకోశం ఈర్ష్యను అక్షాంతి అంది, అంటే ఓర్వలేకపోవడం. అసూయ అంటే గుణాల్లో సైతం దోషాన్ని అంటగట్టడం అంది. సంభాషణ రాసేవాళ్లకు ఈ తేడా చాలా పనికొస్తుంది. ఓర్వలేని పాత్ర మొహం తిప్పుకుంటుంది, ట్రే చప్పుడయ్యేలా పెడుతుంది. అది నటించేవాళ్ల పని. అసూయ పడే పాత్ర మాట్లాడుతుంది. అది రాసేవాళ్ల పని. ఆ మాట ఎప్పుడూ మెచ్చుకోలుతోనే మొదలు కావాలి, నడిమధ్యలో వంకర తిరగాలి.

పదకొండేళ్లుగా ఒకే ఆసుపత్రిలో ఉన్న సీనియర్ స్టాఫ్ నర్సును ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ఏ వార్డులో నరం దొరక్కపోయినా ఆమెకే ఫోన్ వచ్చేది. అర్ధరాత్రి పిలిస్తే విసుక్కుంటూ వెళ్లేది, సెలైన్, రక్తం ఎక్కించే సన్నని గొట్టాన్ని, అదే క్యాన్యులాను, ఒక్క గుచ్చుతో పెట్టి వచ్చేది. ఏడు నెలల కిందట చేరిన కొత్త సిస్టర్ కూడా ఒక్క గుచ్చుతోనే పెడుతోంది. ఇప్పుడు ఫోన్ ఆమెకు వెళ్తోంది. సీనియర్ నోట వచ్చే మాట ఇలా ఉండాలి:

“బాగా పెడుతుందమ్మా, ఒక్క గుచ్చుకే. ఈ మధ్య వచ్చే పేషెంట్ల నరాలు కూడా బాగుంటున్నాయిలే.”

పనితనం నర్సుదే, ఘనత మాత్రం పేషెంటు నరాలకు వెళ్లింది. అమరకోశం చెప్పింది అచ్చంగా ఇదే. ఇంకో మెట్టు పైకి వెళ్లాలంటే వృత్తి వివరం కావాలి. క్యాన్యులా రంగు సైజును చెబుతుంది: 18 నంబరు ఆకుపచ్చ, 20 గులాబీ, 22 నీలం, 24 పసుపు. నంబరు పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. నీలం సన్ననిది, బలహీనమైన నరంలోకి కూడా తేలిగ్గా వెళ్తుంది. రక్తం వేగంగా ఎక్కించాలంటే ఆకుపచ్చ లాంటి లావుది కావాలి, పెట్టడం కష్టం. అందుకని సీనియర్ రెండో మాట: “నీలం ఎవరైనా పెడతారు. ఆకుపచ్చ పెట్టమను చూద్దాం.” నర్సింగు తెలిసినవాళ్లు గట్టిగా నవ్వుతారు. తెలియనివాళ్లకు రంగులు అర్థం కాకపోయినా ఆమె గొంతులోని పట్టుదల అర్థమవుతుంది. వృత్తి హాస్యానికి ఈ రెండు అంతస్తులూ ఉండాలి.

కుళ్లు దేని మీద అన్నది చాలా చిన్నదై ఉండాలి. జీతం పెంపు, ప్రమోషన్ లాంటివి పెడితే చూసేవాళ్లు న్యాయాన్యాయాలు తేల్చడానికి కూర్చుంటారు, నవ్వు ఆగిపోతుంది. సంక్రాంతి మూడు రోజుల సెలవు ఎవరికి దక్కింది, రోస్టర్‌లో వరసగా నైట్లు ఎవరికి పడ్డాయి, రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ఎవరిని పేరుతో పిలిచారు, ఎవరిని “సిస్టర్” అని వదిలేశారు, ఆపరేషన్ థియేటర్లో సర్జన్‌కి ఎదురుగా నిలబడేదెవరు, పక్కన కోతను తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని చేతులు నొప్పెట్టేదాకా ఉండేదెవరు. ఇలాంటివి. వస్తువు ఎంత చిన్నదైతే మనసు అంత పెద్దగా బయటపడుతుంది.

ఇంకొక నియమం ఉంది, దీన్ని మీరితే పాత్ర మిగలదు. కుళ్లుకునే మనిషికి పని రావాలి, బాగా రావాలి. చేతకానివాళ్ల కుళ్లు చూడటానికి చిరాగ్గా ఉంటుంది. చేతనైనవాళ్ల కుళ్లులో ఒక దిగులుంటుంది. పదకొండేళ్లు “నా నిద్ర పాడుచేస్తారు” అని సణిగిన మనిషి, ఫోన్ మోగని రాత్రి మూడింటికి మెలకువగా ఉండి దానివైపు చూస్తే, ఒక్క మాట లేకుండా పాత్ర అంతా తెలిసిపోతుంది.

తెలుగులో దూరాన్ని కొలిచే మంచి సాధనం పిలుపు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో నర్సమ్మలు సిస్టర్లు, మగ నర్సులు బ్రదర్లు. కలిసి తిరిగేవాళ్ల మధ్య అక్క, అన్న, భయ్యా నడుస్తాయి. కొత్త సిస్టర్ మొదటి రోజు నుంచీ “అక్కా” అంటూ ఉంటే, సీనియర్ “ఏమ్మా” అంటూ ఉంటుంది. కుళ్లు మొదలైన రోజు సీనియర్ నోట “సిస్టర్ గారూ” వస్తుంది. గౌరవం పెరిగింది, గోడ లేచింది. ఈ ఒక్క మార్పుతో రెండు పేజీల వివరణ మిగులుతుంది. మళ్లీ “ఏమ్మా” ఎప్పుడు వస్తుందా అని చూసేవాళ్లు తెలియకుండానే ఎదురుచూస్తారు.

కంజూసుతనానికి దిక్కు ఉండాలి

కోస్తాలో పిసినారి అంటారు, పుస్తకాల్లో లోభి అంటారు. హైదరాబాద్‌లో మాత్రం కంజూసు. ఈ ఊరికి ఆ మాటతో పాత చుట్టరికం ఉంది. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ముఖచిత్రమయ్యాడు, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు. దాదాపు 185 క్యారెట్ల జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు. తన ఒంటి మీద బట్టలకు మాత్రం ఖర్చు పెట్టడని ఊరంతా చెప్పుకునేవారు. 1908 మూసీ వరదల తర్వాత అఫ్జల్‌గంజ్‌లో లేచిన పెద్దాసుపత్రికి ఆయన పేరే. ఆ ఇంటి వారసత్వం కొడుకు ఆజం జాను దాటి మనవడు ముకర్రం జాకు వెళ్లింది. తన మీద బిగించిన చెయ్యి, ఊరి కోసం కట్టిన ఆసుపత్రి, కొడుకును దాటిన వారసత్వం, మూడూ ఒక్క మనిషిలో ఉన్నాయి. కల్పించి రాస్తే అతి అంటారు.

రాసేవాళ్లు ఇందులో గమనించాల్సింది దిక్కు. కంజూసు ఎవరి మీద ఖర్చు పెట్టడు, ఎవరి మీద పెడతాడు అన్నది ముందే తేల్చుకోవాలి. తన మీద పెట్టుకోనివాడి మీద చూసేవాళ్లకు జాలి పుడుతుంది. ఇతరుల సొమ్ము కాజేసేవాడి మీద కోపం వస్తుంది. తనదీ ఖర్చు పెట్టకుండా, ఇతరులదీ తీసుకోకుండా, దొరికిన ఉచితాన్ని మాత్రం వదలనివాడు నవ్విస్తాడు. ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకునే “వన్ బై టూ” కోసం రోజూ తోడు వెతుక్కునేవాడు, తోడు దొరకని రోజు చాయ్ మానేసేవాడు ఇలాంటివాడే. అతడు ఎవరినీ మోసం చెయ్యలేదు. సగం డబ్బు తనే ఇచ్చాడు, అణా పైసలతో సహా.

“నిన్న పదకొండు రూపాయలు నేనిచ్చిన గద భయ్యా. ఇయ్యాల నీకు పడుతది పదకొండు. సరిపాయె.”

సొమ్ము ఎప్పుడూ అంకెతో చెప్పాలి, ఆ అంకె చిన్నదిగా ఉండాలి, చూసేవాళ్లు మనసులో లెక్క చూసుకోగలగాలి. ఉద్యోగుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ కోసం జీతంలో పడే కోత మంచి ఉదాహరణ. నెలకు 21 వేలలోపు జీతం ఉన్న ఉద్యోగి వాటా 0.75 శాతం. 16 వేల జీతానికి అది 120 రూపాయలు. “ఒక్కణ్ణే ఉన్నా, జలుబు కూడా చెయ్యదు, 120 ఎందుకు పట్టుకుంటరు?” అని ప్రతి నెలా పేస్లిప్ పట్టుకుని హెచ్ఆర్‌కు వెళ్లే క్లర్కు నవ్విస్తాడు. ఆధారపడిన తల్లిదండ్రులకూ ఆ పథకం వర్తిస్తుంది. కుటుంబ సభ్యుల కాలమ్ ఖాళీగా ఎందుకుందని హెచ్ఆర్ అమ్మాయి అడిగితే, అంతసేపూ వాదించినవాడు కాగితం మడతపెట్టి వెళ్లిపోతాడు. కంజూసుతనం ఎక్కడ ఆగిందో అక్కడ వేరే నొప్పి ఉందని చూసేవాళ్లకు అర్థమవుతుంది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

వస్తువుతో చెప్పిన కంజూసుతనమే జనానికి గుర్తుంటుంది. 1987లో జంధ్యాల తీసిన సినిమాలో కోట శ్రీనివాసరావు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు. ఇన్నేళ్లకూ తెలుగువాళ్లు దాన్ని మరిచిపోలేదంటే ఆ కోడి కంటికి కనిపించింది కాబట్టే. ఆసుపత్రిలో అలాంటి వస్తువులకు కొదవ లేదు. వెనకవైపు రాసుకునే పాత ప్రిస్క్రిప్షన్ ప్యాడ్లు, మందుల కంపెనీలు ఇచ్చే పెన్నులు, క్యాలెండర్లు, సిబ్బందికి ఏటా చేసే ఉచిత రక్తపరీక్ష, కాన్ఫరెన్సు భోజనానికి ఇచ్చే కూపన్లు.

ఒక గీత మాత్రం దాటకూడదు. రోగి ఒంటికి తగిలే ఏ వస్తువులోనూ కంజూసుతనం చూపించి నవ్వించకూడదు. వాడిన గ్లౌజు ఎరుపు డబ్బాలోకి, సూది తెల్లని గుచ్చుకోని డబ్బాలోకి, పగిలిన మందు సీసా నీలం డబ్బాలోకి, నెత్తుటి దూది పసుపు సంచిలోకి వెళ్లాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెప్పే పద్ధతి ఇది. గ్లౌజు కడిగి ఆరేసే జోకు ఒకటి రాస్తే ఆ పాత్ర అక్కడితో నేరస్థుడు. తర్వాత ఎన్ని పేజీలు రాసినా తిరిగి రాడు. పాంట్రీలో, క్యాంటీన్లో, బస్‌పాస్‌లో ఎంత కంజూసుతనమైనా పెట్టుకోవచ్చు. వార్డు గుమ్మం దగ్గర అది ఆగాలి.

తెగిన మాటలు

కుటుంబం తెగడానికి కారణం చెప్పేస్తే కథ పలచబడుతుంది. తెలుగు ఇళ్లలో అవి అందరికీ తెలిసినవే: పొలం గట్టు, చెల్లెలి పెళ్లికి పెట్టుపోతలు, కులం బయట పెళ్లి, అమ్మను ఎవరు చూసుకోవాలి, పెళ్లికార్డు ఇంటికొచ్చి ఇవ్వకుండా ఫోన్లో పంపడం. వీటిలో ఏదో ఒకటి అని తెలిస్తే చాలు. ఏళ్లు చెప్పాలి, కారణం చెప్పకూడదు. “తొమ్మిదేండ్లాయె” అన్న రెండు మాటలు ఫ్లాష్‌బ్యాక్ కంటే బరువైనవి.

చూపించాల్సింది మాటల్లేనితనం ఎలా పనిచేస్తుందన్నది. మన దగ్గర మాటల్లేనివాళ్లు మౌనంగా ఉండరు, మూడో మనిషి ద్వారా మాట్లాడతారు. “మీ నాన్నకి చెప్పు అన్నం చల్లారుతోందని.” నాన్న ఎదురుగానే ఉంటాడు. ఈ అలవాటును వార్డుకు తీసుకొస్తే అద్భుతమైన సన్నివేశం దొరుకుతుంది. మాటల్లేని తోడికోడళ్లు ఇద్దరూ ఒకే వార్డులో నర్సులు. ఎనిమిదింటికి డ్యూటీ అప్పగింత, అంటే హ్యాండోవర్. వెళ్లే ఆమె పేషెంటుతో అంటుంది: “పెద్దమ్మా, ఆమెకి చెప్పండి, రాత్రి మీ బీపీ నూట యాభై అని, పదింటికి మాత్ర వెయ్యాలని.” పెద్దమ్మ నమ్మకంగా అటు తిరిగి చెబుతుంది. ఈమె: “ఏ మాత్రో అడగండి పెద్దమ్మా.” నవ్వు వస్తుంది. కానీ ఆ హ్యాండోవర్‌లో ఒక్క వివరం కూడా తప్పిపోకూడదు. మామూలుగా మాట్లాడుకునేవాళ్ల హ్యాండోవర్ కంటే అది పూర్తిగా ఉండాలి. ఇద్దరికీ పని మీద ఉన్న పట్టింపు ఇంటి గొడవ కంటే పెద్దదని దానివల్లే తెలుస్తుంది. సమాచారం తప్పిపోయి రోగికి ప్రమాదమొచ్చే మలుపు రాస్తే హాస్యం ఆ క్షణమే చచ్చిపోతుంది.

ఆసుపత్రిలో ఉన్న కాగితాలన్నీ బంధుత్వాన్ని అడుగుతాయి. ఐసీయూకి ఒక్క అటెండెంట్ పాసే ఇస్తారు, ఇద్దరు అన్నదమ్ములకు మాటలుండవు. ఆపరేషన్ సమ్మతిపత్రం మీద సంతకం కావాలి. అడ్మిషన్ ఫారంలో “రోగికి ఏమవుతారు” అన్న గడి ఉంటుంది. నోటితో ఎవరూ అడగని ప్రశ్నను ఆ గడి అడుగుతుంది, ఖాళీగా వదిలేస్తే వెనక్కి పంపుతుంది. ఈ కథలన్నిటికీ గుండెకాయ ఆ చిన్న గడి.

మూడూ ఒక్క దారంలో

ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌కు సుమారు 30 పేజీలు, 20 సన్నివేశాలు పడతాయి. నిమిషాల పంపకంలో చాలామంది తప్పుచేస్తారు. బరువైన విషయం కదా అని తెగిన బంధానికి సగం సమయం ఇస్తారు. దానికి అందరికంటే తక్కువ ఇవ్వాలి: కుళ్లుకు 10 నిమిషాలు, కంజూసుతనానికి 7, తెగిన మాటలకు 5. ఆ అయిదు నిమిషాలకు కావలసిన సామగ్రినంతా మిగతా పదిహేడూ సమకూర్చి పెట్టాలి.

పైన చెప్పిన మనుషులతోనే కట్టి చూడవచ్చు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన బిల్లింగ్ క్లర్కు, సీనియర్ సిస్టర్, కొత్త సిస్టర్. మొదటి ఏడు నిమిషాల్లో తండ్రి ఊసే ఉండదు. క్లర్కు ఉచిత రక్తపరీక్షకు వరసలో అందరికంటే ముందు నిలబడతాడు, ఉన్న పరీక్షలన్నీ రాయించుకుంటాడు. రక్తం తీయబోయిన సీనియర్ సిస్టర్‌కు అతడి నరం వేలికింద నుంచి జారిపోతుంది. లావుగా ఉంటుంది, కానీ పక్కకు దొర్లుతుంది. రెండోసారి దొరుకుతుంది. ఒక్క గుచ్చుకే కాలేదని కొత్త సిస్టర్ చూసింది. సీనియర్ మొహం ముడుచుకుంటుంది. చూసేవాళ్లు దీన్ని కుళ్లు కథలో భాగంగానే తీసుకుంటారు. నరం సంగతి మాత్రం మనసులో పడిపోతుంది. ఇక కౌంటర్ దగ్గర క్లర్కు రోజంతా అనే మాట ఒకటే: “రోగికి ఏమైతరో రాయలె. రాసుకుని రాండ్రి.” నాలుగైదుసార్లు వినిపించాలి, ప్రతిసారీ వేరే నవ్వుతో.

తొమ్మిదో నిమిషంలో ఒక ముసలాయన్ని తీసుకొస్తారు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు, ఒళ్లు ఎండిపోయింది. వెంట వచ్చింది పక్కింటి పెద్దమనిషి. ఫారం కౌంటర్‌కు వస్తుంది. క్లర్కు పేరు చదువుతాడు, ఊరు చదువుతాడు. గడి ఖాళీ. అలవాటు కొద్దీ నోరు తెరుస్తాడు: “రోగికి ఏమైతరో...” పెద్దమనిషి అతణ్ణి ఎరుగును. ఫారం తీసుకోడు.

“నేనేమైత బిడ్డా? అయ్యెటోడు రాయాలె.”

ఇక్కడ కోయాలి. సంగీతం వద్దు, క్లర్కు కళ్లలో నీళ్లు వద్దు. వెంటనే వార్డులోకి వెళ్లాలి, అక్కడ కుళ్లు కథ పరుగులో ఉండాలి.

పద్నాలుగో నిమిషం. ఒళ్లు ఎండిపోయిన ముసలివాళ్లకు నరాలు అణిగిపోతాయి. కొత్త సిస్టర్ రెండుసార్లు గుచ్చింది, దొరకలేదు. ఒక మనిషి రెండుసార్లకు మించి ప్రయత్నించకుండా ఇంకొకరిని పిలవడం మంచి పద్ధతి. ఆమె ఆ పద్ధతి పాటించి ఫోన్ చేస్తుంది. సీనియర్ ఫోన్ మోగుతుంది. ఆమె పరుగెత్తకూడదు, మూడు రింగులు ఆగాలి. వచ్చాక పని పూర్తిగా చూపించాలి, ఎందుకంటే పని చూపించడమే ఇక్కడ సంభాషణ. చెయ్యి మంచం కిందికి వేలాడదీసి కాసేపు ఆగుతుంది. గోరువెచ్చని గుడ్డ చుడుతుంది. గుచ్చే చోటుకు నాలుగు వేళ్ల పైన టోర్నికే, అంటే నరం ఉబ్బడానికి బిగించే పట్టీ, కడుతుంది. బొటనవేలితో చర్మాన్ని కిందికి లాగి నరం దొర్లకుండా పట్టి ఉంచుతుంది, సూదిని బాగా వాలుగా పోనిస్తుంది. గొట్టంలోకి నెత్తురు కనిపిస్తుంది. పక్కనున్న పిల్ల ఊపిరి వదులుతుంది. “చూశావా ఏమ్మా, వేలు తియ్యొద్దు” అంటుంది సీనియర్. ఆ “ఏమ్మా”తో కుళ్లు కథ ముగిసింది. క్షమాపణలు, కౌగిలింతలు పెడితే ఇంతసేపు కట్టినది కూలుతుంది.

బయటికి వచ్చిన సీనియర్‌కు కారిడార్‌లో నిలబడ్డ క్లర్కు కనిపిస్తాడు. ఆమెకు ఏమీ తెలియదు. గెలిచిన సంతోషంలో పని కబురు చెబుతుంది: “లోపల ఒక తాత ఉన్నడు అన్నా, అచ్చం నీ లెక్కనే, నరం దొర్లిపోతది. గట్టిగ పట్టుకుంటె గాని దొరకలె.” ఆమె గొప్ప చెప్పుకుంటోంది, అతడు వింటున్నది వేరు. కుళ్లు కథలోని ఆఖరి మాట తెగిన బంధం కథలో మొదటి మాట అయింది. మొదట్లో కంజూసుతనం వల్ల చేయించుకున్న ఉచిత పరీక్ష లేకపోతే ఈ మాట పుట్టదు. మూడు కథలూ ఒక్క నరం మీద నడిచాయి. సీనియర్‌కు అసలు సంగతి తెలిసి ఓదార్పుగా ఆ మాట అన్నట్టు రాస్తే ఇదంతా చప్పబడిపోతుంది.

తప్పుదారులు

అన్నిటికంటే పెద్ద తప్పు ముసలాయన్ని చావు దగ్గరికి తీసుకెళ్లడం. చావు భయంతో కలిసిన తండ్రీకొడుకులు భయం వల్ల కలిసినట్టే ఉంటుంది. రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోయే రోగం కావాలి. అప్పుడు గడి నింపడం కొడుకు ఇష్టంతో చేసిన పని అవుతుంది.

భాష విషయంలో తెలుగు తెర చాలాకాలం చేసిన అన్యాయం ఇంకా పూర్తిగా పోలేదు. తెలంగాణ యాసను వార్డ్‌బాయ్‌కీ సెక్యూరిటీకీ ఇచ్చి, డాక్టర్లందరి నోటా పుస్తకాల భాష పెట్టడం అబద్ధం, అవమానం కూడా. కరీంనగర్ నుంచి వచ్చిన సూపరింటెండెంట్ తన యాసలోనే రౌండ్స్ తీస్తారు. గుంటూరు నుంచి వచ్చిన ఆయా కోస్తా యాసలో మాట్లాడుతుంది. క్యాజువాలిటీలో సగం సంభాషణ దక్కనీలో నడుస్తుంది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ తెలుగు ఉచ్చారణ మీద జోకులు మానేసి, ఆమె నాలుగు భాషల్లో రోగుల్ని ఊరడించడం చూపిస్తే పాత్రకు ప్రాణం వస్తుంది.

కొన్ని వైద్యపు పొరపాట్లు నవ్వును చెడగొడతాయి, చూసేవాళ్లలో నర్సులు, డాక్టర్లు చాలామంది ఉంటారు. మానిటర్ మీద గీత చదునుగా పడితే షాక్ ఇవ్వరు. గుండె అదుపు తప్పి అదిరే లయలకే షాక్. చదును గీతకు ఛాతీ నొక్కడం, మందు. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలి. బతికున్న నటుడి మీద అలా నొక్కకూడదు గనుక ఆ షాట్‌ను భుజాల పైనుంచి తీయాలి. స్టెతస్కోపు చెవిమొనలు ముక్కువైపు వంగి ఉండాలి. వాడిన గ్లౌజుతో ఫోన్ ఎత్తే నర్సు తెరమీద కనిపిస్తే ఆ దృశ్యం పోయినట్టే.

అమెరికాలో 2001లో మొదలైన ఆసుపత్రి హాస్య సీరియల్ స్క్రబ్స్‌ను మూతపడిన నిజమైన ఆసుపత్రిలో తీశారు. నవ్వుల ట్రాక్ పెట్టలేదు, కథానాయకుడి మనసులోని మాట వెనకనుంచి వినిపిస్తుంది. మొదటి రెండూ ఇక్కడివాళ్లు తీసుకోదగ్గవి. నడుస్తున్న ఆసుపత్రిలో తీస్తే రోగులకు ఇబ్బంది, శబ్దం కూడా చేతికి రాదు. ఖాళీ అంతస్తు దొరికితే మంచిది. మనసులోని మాట మాత్రం మనకు అక్కర్లేదు. బుర్రకథలో కథకుడికి ఇటూ అటూ ఇద్దరు వంతలు ఉంటారు, వాళ్లలో హాస్యగాడు జనం మనసులో ఉన్నది పైకి అనేస్తాడు. ఆసుపత్రిలో ఆ పని లిఫ్టు దగ్గర నిలబడే వార్డ్‌బాయ్, ట్రాలీ తోసే ఆయా చేస్తారు. అందరి సంగతీ వాళ్లకు తెలుసు, అందరి ముందూ వాళ్లే అంటారు.

ఇక ఆఖరి రెండు నిమిషాలు. కంజూసు మారిపోయి అందరికీ బిర్యానీ తెప్పించాడన్న ముగింపు ఎన్నోసార్లు చూసేశాం. అతడు మారకూడదు. ఫారంలో గడి నింపడం కూడా దగ్గరగా చూపించనక్కర్లేదు, పెన్ను మందుల కంపెనీదే అయితే చాలు. మర్నాడు తాతకు నోటితో ఓఆర్ఎస్ ఇమ్మంటారు. ఒక పాకెట్‌కు ఒక లీటరు నీళ్లు, తక్కువా కాదు ఎక్కువా కాదు. పైసలు లెక్కపెట్టే ఆ చేతులే లీటరు గీత దగ్గర సీసాను కళ్లకు ఎదురుగా పెట్టి, చుక్క చుక్కగా కొలుస్తాయి. తండ్రి చూస్తుంటాడు, ఏమీ అనడు. కలిపిన నీళ్లను 24 గంటలకు మించి ఉంచకూడదు. ఆ తర్వాతి ఉదయం కొత్త పాకెట్ చించడానికి ముందు, సీసాలో మిగిలిన పావు లీటరును అతడు గడియారం చూసి, సింకు దగ్గరికి తీసుకెళ్లి, పూర్తిగా వంపేస్తాడు.